గురుడి మీది తెల్లచుక్క కోసం మూడు ఊళ్లు

హిందూపురం వైపు వెళ్తున్నానని చెప్పగానే మా స్టాఫ్‌రూములో అందరూ ఒకటే మాట అన్నారు, లేపాక్షి బసవన్నను చూసి రమ్మని. నేను బసవన్నను చూడలేదు. ఆ చుట్టుపక్కలే మూడు రోజులు తిరిగి కూడా చూడలేదు. తిరిగొచ్చాక ఆ మాట చెబితే ముక్కున వేలేసుకున్నారు. మరి మూడు రోజులు ఏం చూశావని అడిగారు. గురుగ్రహాన్ని చూశానన్నాను. అది బాపట్లలో కనబడదా అన్నారు. కనబడుతుంది. అయినా దానికోసం అంతదూరం ఎందుకు వెళ్లానో వాళ్లకు ఇంటర్వెల్‌లో చెప్పలేకపోయాను, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నేను తెలుగు టీచర్ని. నాగరత్న పరిగి మండలంలో ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతుంది. ఇరవై ఏళ్ల కిందట తిరుపతిలో బి.ఇడి. చేసేటప్పుడు ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. మార్చి నెలలో, ఒంటిపూట బడులు మొదలైన వారంలో ఫోన్ చేసింది.

"విజయా, శుక్రవారం నుంచి మూడు దినాలు నా దగ్గరికి రా. టెలిస్కోపు మోసేదానికి ఒక మనిషి కావల్ల."

"మీ ఊళ్లో కూలీలు దొరకరా?"

"కూలోళ్లు దొరుకుతారు. సాక్షి దొరకదు," అంది.

ఇంతకీ సంగతేమిటంటే, ఆమె దగ్గర ఎనిమిది అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపు ఒకటుంది. దానికి చిన్న కెమెరా తగిలించి గురుగ్రహాన్ని ఫొటోలు తీస్తుంది. మామూలు వెలుతురులో కాదు, పరారుణ కాంతిలో, అంటే ఎరుపుకు అవతల మన కంటికి కనబడని వెలుగులో. దేశదేశాల్లో ఇలాగే గురుణ్ని చూసేవాళ్లు కొందరు ఒక బృందంగా ఉన్నారు. ఒకరికి తెల్లవారే వేళకు ఇంకొకరికి పొద్దుగూకుతుంది కాబట్టి, అందరి ఫొటోలూ కలిపితే గ్రహం మీద నిఘా తెగకుండా ఉంటుంది. ముందటి ఆదివారం నాగరత్న తీసిన ఫొటోలో, గ్రహం దక్షిణ భాగంలో ఒక తెల్లచుక్క పడింది. అంతకుముందు అది లేదు. రెండు నిమిషాల వీడియో తీసిందో లేదో మబ్బు కమ్మేసింది. ఉన్న ఆ ఒక్క ఫొటోనే బృందానికి పంపింది.

బృందం బాధ్యుడు మర్యాదగానే జవాబు రాశాడు. చుక్క బాగుంది, కానీ ఒక్క ఫొటోతో నమ్మలేము, కెమెరాలో పడిన దుమ్ము కూడా ఇలాగే కనబడుతుంది అన్నాడు. పసిఫిక్ సముద్రం మధ్యలో ఒక కొండ మీద ఉన్న పెద్ద టెలిస్కోపు వాళ్లకు సోమవారం కొద్ది నిమిషాల సమయం చిక్కుతుందట. ఆలోపు చుక్క నిజమని తేలితే దానివైపు తిప్పమని అడుగుతానన్నాడు.

"దుమ్మంట," అంది నాగరత్న ఫోన్లో. అంతకుమించి ఏమీ అనలేదు. ఆమె ఎక్కువ మాట్లాడకపోతే ఎంత కోపంగా ఉన్నట్టో నాకు తిరుపతి రోజుల నుంచీ తెలుసు. రైలెక్కాను.

హిందూపురం

మూడు ఊళ్ల హైస్కూళ్లలో పిల్లలకు గ్రహాలు చూపిస్తానని నాగరత్న నెల కిందటే ఒప్పుకుంది. శుక్రవారం హిందూపురం, శనివారం పెనుకొండ, ఆదివారం ధర్మవరం. ఆ మాట తప్పడం ఆమెకు ఇష్టం లేదు. చుక్కనూ ఆ ఊళ్లలోనే పట్టుకోవాలనుకుంది. సామాను మోయడానికి ప్రభుదాసు అనే ఆయన చిన్న వ్యాను మాట్లాడింది. మామూలు రోజుల్లో ఆయన టమాటా బుట్టలు వేస్తాడు. టెలిస్కోపు గొట్టాన్ని పాత బొంతల్లో చుట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాడు.

హిందూపురంలో పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులను నీళ్లలో తడిపి పోపు పెట్టి, పైన వేయించిన పప్పుల పొడి చల్లుతారు. మావైపు బొరుగులంటే సాయంత్రం పూట పొట్లం కట్టించుకుని తినేవి. ఇక్కడ అదే కడుపునిండా టిఫిను. హోటలాయన ముందు బల్ల వాళ్లతో కన్నడం, మాతో తెలుగు, లోపలి వంటమనిషితో రెండూ కలిపి మాట్లాడాడు. "దుడ్లు ఆడ ఇయ్యండమ్మా" అంటే నాకు ఒక క్షణం అర్థం కాలేదు. డబ్బులు అక్కడ కౌంటర్లో ఇమ్మని. బాపట్లలో అయితే నలభై తీసుకునేవాళ్లు, ఇక్కడ ముప్పై రూపాయలకే బజ్జీలతో సహా వచ్చింది.

సాయంత్రం ఐదింటికి స్కూలు మైదానంలో టెలిస్కోపు నిలబెడుతుంటే ఒక పెద్దాయన సైకిల్ మీద వచ్చాడు. పేరు మహబూబ్ సాబు. బజారులో ట్రంకు పెట్టెలు చేస్తాడు. టెలిస్కోపు గొట్టం చేసింది ఆయనే. పిల్లలకంటే ముందొచ్చి గొట్టం చుట్టూ తిరిగి, అతుకుల మీద వేలితో కొట్టి చూశాడు.

"తుప్పేమన్నా పట్టిందా అమ్మా?"

"యాడ పడతాది సాబూ, నువ్వు చేసిందానికి," అంది నాగరత్న.

పొద్దు కుంగాక ఆయన కన్ను ఆనించే కటకంలోంచి చాలాసేపు చూశాడు. గురుడి పక్కన నాలుగు చందమామలు వరసగా కనబడ్డాయి. తల ఎత్తి, వెనక క్యూలో నిలబడ్డ పిల్లల వైపు తిరిగి, "ఆ గొట్టం నేను చేసిందే," అన్నాడు. తర్వాత ఒక్కొక్క పిల్లకూ అదే చెప్పాడు.

ఆ రోజుల్లో గురుడు పొద్దుగూకే వేళకే నడినెత్తిన ఉంటున్నాడు. ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే పని మొదలుపెట్టవచ్చు, పరారుణంలో ఆ నీలం నల్లబడిపోతుంది కాబట్టి. నాగరత్న లెక్క ప్రకారం చుక్క ఏడింటికి కాస్త ముందు గ్రహం నడిమికి వస్తుంది. ఆమె పిల్లల్ని పక్కకు జరిపి, కెమెరా బిగించి, లాప్‌టాప్ తెరిచింది.

తెర మీద గురుడు మరిగే నీళ్ల అడుగున పడ్డ రూపాయి బిళ్లలా వణికిపోతున్నాడు. స్కూలు వెనకాల రేకుల షెడ్లు వరసగా ఉన్నాయి. పగలంతా కాలిన రేకుల వేడి అప్పుడు పైకి లేస్తోంది. పదకొండు వీడియోలు తీసింది. అన్నింట్లోనూ దక్షిణాన ఏదో తెల్లగా మసక. అది చుక్కే అని నేనన్నాను.

"నువ్వూ నేనూ అనుకుంటే చాలదు. ఇది పంపితే మళ్ల దుమ్మే అంటారు."

ఆమె దిగాలుగా ఉండటం చూడలేక, సామాను సర్దేటప్పుడు నా వంతు సాయంగా కెమెరా ముందున్న గాజును కొంగుతో తుడవబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా.

"తుడవద్దు మే. దుమ్మే అయితే అది ఈడే ఉండల్ల, రేపూ ఉండల్ల, ఎల్లుండీ ఉండల్ల. తుడిచేస్తివంటే నా సాక్ష్యం పోతాది."

సాక్షి కావాలని పిలిచింది ఇందుకా అనుకున్నాను. ఆ రాత్రి పరిగిలో వాళ్లింట్లో పడుకునే ముందు ఎవరూ తుడవలేదనడానికి గుర్తుగా కెమెరాకు టేపు వేసి, దాని మీద నా చేత సంతకం పెట్టించింది.

పెనుకొండ

పెనుకొండలోకి వ్యాను తిరగ్గానే ఒక కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు. బొంతల్లోంచి బయటికొచ్చిన గొట్టం మూతిని చూసి అనుమానపడ్డాడు.

"ఏమప్పా ఇది? ఫిరంగి మాదిరి ఉండాదే."

"మేడమ్‌ది సార్. చుక్కలు చూసేది," అన్నాడు ప్రభుదాసు.

"పగలు యాడుంటాయప్పా చుక్కలు?"

కొండ నిండా కోటగోడలున్న ఊరు, ఆయన అనుమానంలో తప్పు లేదు. నాగరత్న దిగి, సాయంత్రం స్కూలు దగ్గరికి వస్తే చూపిస్తానంది. డ్యూటీ దిగాక వాళ్లమ్మాయిని బండి మీద ఎక్కించుకుని నిజంగానే వచ్చాడు.

మధ్యాహ్నం ఎండలో నేను కొండ ఎక్కుతానని బయల్దేరి, రెండో మలుపు దగ్గరే చతికిలబడ్డాను. బండలు కాలిపోతున్నాయి. రాయలవారు వేసవికి ఇక్కడికి వచ్చేవారని పిల్లలకు పాఠం చెబుతూ ఉంటాను. వచ్చి మధ్యాహ్నాలు మాత్రం లోపలే పడుకుని ఉంటారు. దిగి వస్తుంటే నీడలో కూర్చున్న ఒకావిడ, ఎవరో ఏమిటో అడగకుండానే, ముంతలో మజ్జిగ ఇచ్చింది. అల్లం, కరివేపాకు దంచి వేసింది. డబ్బులివ్వబోతే, "నువ్వేమన్నా అంగడికొచ్చినావా?" అని కసిరింది. మావైపు కూడా దాహమంటే ఇస్తారు. కానీ ముందు ఏ ఊరు, ఎవరింటికి అని రెండు ప్రశ్నలు పడతాయి.

సాయంత్రం గాలి ఆగింది. గురుడు తెర మీద కదలకుండా నిలిచాడు. నేను మొదటిసారి ఆ పరారుణ గురుణ్ని సరిగ్గా చూశాను. పుస్తకాల్లో ఉండే గోధుమరంగు గ్రహం కాదు. అంతా బూడిద, నలుపు పట్టీలు. కొన్ని చోట్ల మాత్రం తెల్లని మెరుపు. ఎందుకలా ఉందని అడిగాను. ఆమె పిల్లలకు చెప్పినట్టే నాకూ చెప్పింది.

"గురునికి మనకు మాదిరి నేల లేదు. అంతా గాలే. ఆ గాలిలో మీథేన్ అని ఒకటుండాది. కెమెరా ముందరుండే ఈ గాజు ఫిల్టర్ ఏ వెలుతురును లోపలికి ఇడుస్తాదో, ఆ వెలుతురును మీథేన్ మింగేస్తాది. లోతుగా ఉండే మబ్బుల మీదికి పోయిన ఎండ మళ్ల బయటికి రాదు. నల్లగా కనపడతాయి. శానా ఎత్తుకు లేసిన మబ్బుంటే, దాని మీద పడిన ఎండ మింగకముందే మన దగ్గరికి తిరిగొస్తాది. అది తెల్లగా మెరుస్తాది."

"అంటే ఆ చుక్క..."

"కిందినుంచి పైకి పొంగిన మబ్బు. నిజమే అయితే."

ఏడు దాటింది. తెర మీద గ్రహం అంత స్పష్టంగా ఉంది, కానీ దక్షిణాన చుక్క లేదు. మసక కూడా లేదు. నేను కళ్లు నులుముకుని చూశాను. ఇంతదూరం వచ్చి, పాపం ఆమె, అనుకుంటూ ఏం ఓదార్చాలో తెలియక పక్కకు తిరిగితే, నాగరత్న నవ్వుతోంది.

"లేదు గదా?" అంది.

"లేదు," అన్నాను మెల్లగా.

"కెమెరా తుడిచినామా?"

"లేదు. టేపు మీద నా సంతకం చెదరలేదు. సాయంత్రం ఆ టేపును నా చేతులతోనే తీశాను."

"మరి దుమ్మేమాయె?"

అప్పుడు తట్టింది నాకు. గురుడు పది గంటలకు లోపే ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతాడు. నిన్న ఇదే వేళకు మనవైపు ఉన్న ముఖం, ఈరోజు ఇదే వేళకు అవతలికి పోయి ఉంటుంది. చుక్క నిజంగా గ్రహం మీదిదే అయితే ఈరోజు కనబడకూడదు. కెమెరాలోని దుమ్మయితే ఈరోజూ కనబడి తీరాలి. ఏమీ కనబడకపోవడం చూసి అంత సంబరపడ్డ మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

"ఇది సగమే," అంది మళ్లీ తనే. "రేపు ఎనిమిదిన్నరకు ఆ ముఖం మళ్ల ఇట్ల తిరుగుతాది. అప్పుడు చుక్క కనపడల్ల. అరగంట తేడాతో రెండుసార్లు తీయల్ల. గ్రహంతోపాటు జరుగుతా పోవల్ల. అప్పుడు ఎవురూ మాట్లాడేదానికుండదు."

కానిస్టేబుల్ కూతురు అంతసేపూ మా వెనకే నిలబడి వింది. "అయితే రేపు మీరు ఖాళీగా లేరా మేడమ్?" అంది. ఎందుకే అంటే, రేపు కూడా చూడాలని. నాగరత్న తన నంబరు రాసిచ్చింది.

చెన్నేకొత్తపల్లి

ఆదివారం ప్రభుదాసు చర్చికి వెళ్లాలన్నాడు. ఆయనది చెన్నేకొత్తపల్లి, దారిలోదే. ప్రార్థన అయ్యేదాకా ఆయన ఇంటి అరుగు మీద కూర్చున్నాం. భోజనం చేశాకే కదలాలన్నారు. రాగి సంగటి ముద్ద, శెనగకాయల చట్నీ, నాటుకోడి పులుసు. సంగటిని నేను నమలబోతే ప్రభుదాసు భార్య నవ్వింది, మింగాలట. నాలుగో ముద్దకు అలవాటైంది. మా ఇంట్లో ఆదివారమంటే రెండుసార్లు అన్నం వడ్డించుకోవాలి. ఇక్కడ ఒక ముద్దతో సాయంత్రం దాకా ఆకలి మాట లేదు.

ప్రభుదాసు వాళ్ల నాయన వ్యాను దగ్గరికి వచ్చి, గొట్టం లోపలికి తొంగి చూశాడు.

"మేం శెనగచేనికి కావిలి పోయినప్పుడు రాత్రుల్లో ఈ గురున్ని చూస్తా ఉంటిమి. ఇది ఎంత పైకొచ్చిందో చూసి మనిషిని మార్చుకుంటా ఉంటిమి. దీనిమీద మబ్బులుంటాయని మాకేం తెల్సు," అన్నాడు. తర్వాత నాగరత్నను అడిగాడు. "ఆడ వాన పడతాదా అమ్మా?"

"పడతాది నాయనా. కానీ నేల లేదు కదా. పడతానే ఉంటాది, యాడా ఆగదు."

ఆయన గొట్టం మీద బొంత మళ్లీ కప్పాడు. "అయితే ఏం ప్రయోజనం," అని లోపలికి వెళ్లిపోయాడు.

ధర్మవరం

ధర్మవరంలో దిగేసరికి స్కూలు గేటుకు తాళం. వాచ్‌మన్ బత్తలపల్లిలో పెళ్లికి వెళ్లాడు, తాళంచెవి ఆయన జేబులో ఉంది. గేటు బయట ముప్పై మంది పిల్లలు. ఏడున్నర అయింది. ఎదురింటి వాకిట్లో నిలబడి ఇదంతా చూస్తున్న ఒకామె మా దగ్గరికి వచ్చింది. అరవై ఏళ్లు ఉంటాయి. పేరు ఆదిలక్ష్మమ్మ. ఇల్లు చూస్తేనే మగ్గం ఇల్లని తెలిసిపోయింది, లోపల గుంత మగ్గం మీద సగం నేసిన చీర, మూలన పట్టు దారాల ఉండలు.

"ఏంటికి ఈడ నిలబడేది? మా మిద్దె మీదికి రాండి. ఎత్తుగా ఉంటాది, గాలీ ఆడతాది," అంది.

పిల్లలందరూ తలో చెయ్యీ వేశారు. మెట్లు ఇరుకు. గొట్టాన్ని ప్రభుదాసు, నాగరత్న పట్టుకున్నారు. నేను మోటారు పెట్టె పట్టుకున్నాను. భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి గ్రహం ఆకాశంలో జరిగిపోతూ ఉంటుంది. దానికి సరిగ్గా అంత వేగంతో టెలిస్కోపును తిప్పేది ఆ మోటారు. పై నుంచి రెండో మెట్టు దగ్గర నా చీర కుచ్చిళ్లు కాలికింద పడ్డాయి. పెట్టె చేతిలోంచి జారి, మెట్టు మెట్టుకూ తగులుతూ కింద వాకిట్లో పడింది.

నాగరత్న దిగి పెట్టె తీసుకుని వచ్చి, తీగలు తగిలించి, స్విచ్ వేసింది. మోటారు కదల్లేదు. పళ్లచక్రం పగిలింది. అప్పుడు ఎనిమిది. చుక్క మనవైపు తిరగడానికి అరగంట లేదు. తెల్లవారితే సోమవారం.

"నాగా, నా వల్లే..." అన్నాను.

"మాట్లాడొద్దు. టార్చి పట్టుకో," అంది. తిట్టినా బాగుండేది.

మోటారు లేకపోతే టెలిస్కోపుకు పక్కనున్న చిన్న పిడిని, బిరడాను, చేత్తో తిప్పాలి. నాగరత్న లాప్‌టాప్ దగ్గర ఉండాలి, కాబట్టి బిరడా నాకిచ్చింది. నేను తిప్పాను. గురుడు తెర మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు గెంతాడు. వెనక్కి తిప్పితే మాయమైపోయాడు. ప్రభుదాసు ప్రయత్నించాడు, అదే వరస. ఆ బిరడా పూర్తిగా ఒక చుట్టు తిరగడానికి పది నిమిషాలు పట్టాలి. మనిషి చెయ్యి అంత మెల్లగా కదలదు.

ఆదిలక్ష్మమ్మ ఒక స్టూలు మీద కూర్చుని తెరను, మా చేతులను మార్చి మార్చి చూస్తోంది.

"అది పోతా ఉంటే మీరు వెనకాల పడి లాగుతాండారు. దాంతోపాటే పోవల్ల," అంది. తర్వాత బిరడాను వేళ్లతో తడిమి చూసింది. "ఇది శానా చిన్నది. రవంత కదిపితే శానా పోతాంది. దీనికి పొడుగ్గా ఒక పుల్ల కట్టు."

నాగరత్న ఆమె వైపు చూసింది. ఒక్క క్షణమే. "అక్కా, పుల్ల ఉండాదా?"

ఆదిలక్ష్మమ్మ కింద మగ్గం దగ్గరనుంచి మూరెడు వెదురు పుల్ల తెప్పించింది. తెగిన పట్టు దారాలు నాలుగు పేటలుగా మెలిపెట్టి పుల్లను బిరడాకు బిగించి కట్టింది. మనం ముడి వేసేలోపు ఆమె మూడు ముళ్లు వేసేసింది. పుల్ల చివర పట్టుకుంటే, బిరడా వెంట్రుకవాసి కదలాలన్నా చెయ్యి కంటికి కనబడేంత కదలాలి. ఇప్పుడు అది మనిషి చేతికి అందే వేగం.

"నువ్వే పట్టుకో అక్కా," అంది నాగరత్న.

తర్వాత తెలిసింది, ఆమె జీవితమంతా చేసిన పని ఏమిటో. మగ్గం మీద ఒక చీర దారాలు అయిపోతే, ఆ పాత దారాల కొసలకు కొత్త దారాలను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేల దారాలుంటాయి. ఒకటి తప్పినా చీరలో గీత పడుతుంది. గంటల తరబడి ఒకే తీరుగా, ఒకే బలంతో వేళ్లు కదపాలి. ఆమె నలభై ఏళ్లుగా చేస్తున్నది అదే.

పుల్ల కొసను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకుంది. తెర మీద నాగరత్న గీసిన చిన్న చదరంలోకి గురుడు వచ్చాడు. వచ్చి, అక్కడే ఆగాడు. ఆదిలక్ష్మమ్మ చెయ్యి కదులుతోందని కూడా తెలియలేదు నాకు. కాసేపయ్యాక చూస్తే మాత్రం పుల్ల జానెడు దూరం జరిగి ఉంది.

ఎనిమిదీ ఇరవైకి మొదటి వీడియో. వేలాది చిన్న ఫొటోలను కంప్యూటర్ ఒకదానిమీద ఒకటి పేర్చి, వణుకు తీసేసి, ఒకే ఫొటోగా ఇస్తుంది. ఆ ఫొటో తయారవుతుంటే నేను చూడలేక వీధివైపు తిరిగాను. పిల్లల్లో ఎవరో "మేడమ్, ఆడ" అన్నారు. తిరిగి చూశాను. దక్షిణాన, నల్లటి పట్టీ అంచున, బియ్యపుగింజంత తెల్లగా, స్పష్టంగా ఉంది.

నాగరత్న తెరను చూస్తూనే ఉంది. "అక్కా, చెయ్యి నొస్తాందా? ఇంగొకసారి చేయల్ల, అరగంట తర్వాత."

"నొస్తే చెప్తా గానీ, నువ్వు కానీ," అంది ఆదిలక్ష్మమ్మ. ఎవరో కాఫీ తెచ్చిస్తే ఎడంచేత్తోనే తాగింది. కుడిచెయ్యి పుల్లను వదల్లేదు.

పది తక్కువ తొమ్మిదికి రెండో వీడియో. చుక్క అక్కడ లేదు. కొంచెం పక్కకు జరిగింది, చుట్టూ ఉన్న పట్టీలతోపాటు, ఎంత జరగాలో అంతే. నాగరత్న రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, పెనుకొండలో తీసిన చుక్కలేని ఫొటోను కిందపెట్టి, మూడూ కలిపి అక్కడినుంచే ఫోన్ ఇంటర్నెట్‌తో పంపించింది. పంపాక నా పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది.

"మోటారు బాగుంటే ఈ అక్క మనకు తెలిసేదా?" అంది. నాకు ఏడుపు వచ్చింది, టార్చి ఆర్పేశాను.

ఆ పూట మేము రైలు స్టేషనుకు బయల్దేరేముందు ఆదిలక్ష్మమ్మ భర్త మగ్గం మీది చీరను చూపించాడు. ధర అడిగితే చెప్పాడు, నా జీతం గుర్తొచ్చి వెనక్కి తగ్గాను. ఆయన నవ్వి, "చూసేదానికి దుడ్లు లేవులేమ్మా," అన్నాడు. ఆదిలక్ష్మమ్మ మాత్రం పిల్లలకు పుల్ల ఎలా పట్టుకోవాలో చూపిస్తోంది.

బాపట్ల

నేను ఇల్లు చేరిన పూట బృందం బాధ్యుడి జవాబు వచ్చింది. దుమ్ము మాట ఎత్తినందుకు ఆయన క్షమాపణ అడిగాడు. పెద్ద టెలిస్కోపును సోమవారం అటు తిప్పించాడు. నాలుగు రోజుల తర్వాత వాళ్లు తీసిన ఫొటోలు రెండు నాగరత్న నాకు పంపింది. మొదటిదాంట్లో మా చుక్క, మేము చూసినట్టే తెల్లగా, కానీ అంచులు తేటగా, వెనక తోకతో సహా. రెండోది గ్రహం లోపలి వేడిని పట్టే ఫొటో. అందులో గ్రహమంతా నిప్పుకణికల్లా వెలుగుతుంటే, చుక్క ఉన్నచోట నల్లగా ఉంది. పైకి పొంగిన మబ్బు కింది వేడిని బయటికి రానివ్వడం లేదన్నమాట.

ఫొటోలతోపాటు బృందం పంపిన పట్టిక ఉంది. ఎవరు, ఎక్కడినుంచి, ఏ పరికరంతో చూశారో అందులో రాస్తారు. ధర్మవరం వరసలో రెండు పేర్లున్నాయి, నాగరత్న, ఆదిలక్ష్మమ్మ. టెలిస్కోపును నడిపిన పద్ధతి అన్న గడిలో మిగతా అందరికీ మోటారు అని ఉంటే, ఆ ఒక్క వరసలో చేత్తో అని ఉంది. అది కొట్టేసి ఏదైనా మంచిమాట రాద్దామా అని బాధ్యుడు అడిగాడట. నాగరత్న ఒప్పుకోలేదు.

ఆదిలక్ష్మమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "ధర్మవరం అని రాసినారా? సరిగ్గా రాసినారా?" అని అడిగింది. అక్షరం అక్షరం చదివి వినిపించాను. "అయితే సరే," అంది.

మా స్కూల్లో ఎనిమిదో తరగతికి ఆ ఫొటో చూపించాను. తెలుగు పీరియడే, ఛందస్సు చెప్పాల్సిన రోజు. ఎవరు కట్టారు, ఎవరు తీశారు, ఎవరు తిప్పారు, అన్నీ చెప్పాను. మహబూబ్ సాబు గొట్టం గురించి కూడా చెప్పాను. వెనక బెంచీ అమ్మాయి లేచింది.

"టీచర్, ఇందులో మీరేం చేశారు?"

"మోటారు పడేసింది నేనే," అన్నాను.

క్లాసంతా నవ్వింది. నేను చేసిన తప్పును నలుగురిలో తలెత్తుకుని చెప్పుకున్నది అదే మొదటిసారి.